వేల ఫైళ్ల నుంచి టెక్స్ట్ తీసేటప్పుడు చడీచప్పుడు లేకుండా జారిపోయేవి

ఫోల్డర్‌లో మూడు వేల ఫైళ్లున్నాయి. ఫలానా మాట ఉన్న వరుసలన్నీ ఒకచోటికి రావాలి. ఫైళ్లలో మాటను వెతికి ఆ వరుసలు చూపే గ్రెప్‌తో ఒక్క కమాండ్ కొడితే క్షణాల్లో ఫలితం వస్తుంది. ఎర్రర్ ఏమీ కనబడదు, ఫలితాల ఫైలూ నిండుగానే ఉంటుంది. అయినా ఆ మూడు వేలలో రెండొందల ఫైళ్లను గ్రెప్ సరిగా చదివి ఉండకపోవచ్చు. ఈ పనిలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే తప్పులతో పెద్ద బాధ లేదు, ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. ఏమీ అనకుండా తగ్గిపోయిన వరుసలతోనే ప్రమాదం, ఎందుకంటే లేనిది కంటికి ఆనదు. అందుకే ఏ కమాండ్ వాడాలన్న ప్రశ్న కంటే, ప్రతి దశలో ఎన్ని ఫైళ్లు లోపలికి వెళ్లి ఎన్ని బయటికి వచ్చాయన్న లెక్క ముఖ్యం.

ఇక్కడ చెప్పేవి ఎక్కువగా లినక్స్‌లో ఉండే గ్నూ ప్రాజెక్టు పనిముట్ల గురించి. మ్యాక్‌లో వచ్చే రకాలు కొన్నిచోట్ల వేరుగా నడుస్తాయి. ఆప్షన్ అన్న ప్రతిచోటా దాని ముందు హైఫన్ (ఇన్‌క్లూడ్ లాంటి పూర్తి మాటలకు రెండు) ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ముందు లెక్క

వెతకడానికి ముందు, ఫైళ్లను వెతికి జాబితా ఇచ్చే ఫైండ్‌తో మామూలు ఫైళ్ల పేర్లు తీసి, వరుసలు లెక్కపెట్టే డబ్ల్యూసీకి పంపితే మొత్తం సంఖ్య తెలుస్తుంది. అదే జాబితాలో, టెక్స్ట్‌ను మార్చే సెడ్‌తో చివరి చుక్క దాకా ఉన్నదంతా చెరిపేసి, వరుసలను క్రమంలో పెట్టే సార్ట్‌కు, ఆ తర్వాత స్మాల్ సీ ఆప్షన్‌తో యునీక్‌కు పంపితే ఏ ఎక్స్‌టెన్షన్‌వి (పేరులో చివరి చుక్క తర్వాతి భాగం) ఎన్ని ఉన్నాయో వస్తుంది. యునీక్ పక్కపక్కన ఉన్న ఒకేలాంటి వరుసల్నే కలుపుతుంది కాబట్టి ముందు సార్ట్ తప్పనిసరి.

ఈ చిన్న పట్టికలోనే సగం చిక్కులు బయటపడతాయి. కొన్ని ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ చిన్న అక్షరాల్లో, మరికొన్నింటిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లినక్స్‌లో ఆ రెండూ వేరు. చిన్న అక్షరాలతో వెతికితే రెండో గుంపు మొత్తం పోతుంది, కాబట్టి ఫైండ్‌లో నేమ్‌కు బదులు ఐనేమ్ వాడాలి. అసలు ఎక్స్‌టెన్షనే లేని ఫైళ్లు, సున్నా బైట్ల ఫైళ్లు కూడా ఈ దశలోనే తేలతాయి. ఫైండ్‌కు ఎంప్టీ షరతు ఇస్తే ఖాళీవి విడిగా వస్తాయి. ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా నమ్మడానికీ లేదు. ఫైల్ అనే కమాండ్ లోపలి బైట్లు చూసి రకాన్నీ ఎన్‌కోడింగ్‌నూ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని) అంచనా వేస్తుంది. అదీ అంచనాయే కానీ, పేరు చివరి మూడక్షరాల కంటే నయం.

పేర్లు అందించేటప్పుడు

కమాండ్లను నడిపే షెల్‌లో నక్షత్రం గుర్తు (*) పెడితే పేర్లన్నీ విడదీసి కమాండ్‌కు అందించేది షెల్. ఆ పేర్ల మొత్తం నిడివికి హద్దు ఉంది. లినక్స్‌లో స్టాక్ (ప్రోగ్రాం వాడే ఒక మెమరీ భాగం) పరిమితి మామూలుగా 8 ఎంబీ ఉంటే, ఆర్గ్యుమెంట్లకూ (కమాండ్‌కు అందే పేర్లకూ) ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లకూ (షెల్ అమరికలకూ) కలిపి దక్కేది అందులో నాలుగో వంతు, అంటే 20,97,152 బైట్లు. దాటితే ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్ అని వస్తుంది. ఇది మంచి తప్పు, గట్టిగా అరిచి ఆగుతుంది.

దీనికి మందు ఫైండ్‌లోని ఎగ్జెక్, దొరికిన ఫైళ్ల మీద కమాండ్ నడుపుతుంది. దాని చివర సెమికోలన్ పెడితే ప్రతి ఫైలుకూ ఒక కొత్త ప్రాసెస్ పుడుతుంది. పదివేల ఫైళ్లకు పదివేల గ్రెప్‌లు, అందులో ఎక్కువ సమయం ప్రాసెస్‌లు పుట్టడానికే పోతుంది. ప్లస్ పెడితే పట్టినన్ని పేర్లు ఒకేసారి అందుతాయి. తనకు వచ్చిన పేర్ల జాబితాను కమాండ్‌కు ఇచ్చే ఎక్స్‌ఆర్గ్స్ కూడా ఇలాగే గుంపులుగా అందిస్తుంది, కానీ మామూలుగా అది స్పేస్ దగ్గరా కొటేషన్ గుర్తుల దగ్గరా పేర్లను తనకు తోచినట్టు విడగొడుతుంది. పేరులో స్పేస్ ఉన్న ఫైలు రెండు లేని ఫైళ్లుగా మారుతుంది. ఫైండ్‌కు ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కు 0 ఆప్షన్ ఇస్తే పేర్ల మధ్య నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) హద్దుగా నిలుస్తుంది. యునిక్స్ ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: నల్ బైట్, స్లాష్. కొత్త వరుస గుర్తు కూడా పేరులో ఉండొచ్చు కాబట్టి నల్ ఒక్కటే నమ్మదగిన హద్దు.

గుంపులుగా అందించడంలో ఇంకో మెలిక ఉంది. ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు ఇస్తేనే గ్రెప్ ప్రతి వరుస ముందూ ఫైలు పేరు రాస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ చివరి గుంపులో ఒకే ఒక్క ఫైలు మిగిలితే, దాని వరుసలు పేరు లేకుండా వస్తాయి. తర్వాతి దశలో కోలన్ దగ్గర విడగొట్టే ఆక్ (వరుసలను ముక్కలు చేసి పనిచేసే పనిముట్టు) ప్రోగ్రాం ఆ వరుసలో మొదటి ముక్కను ఫైలు పేరు అనుకుంటుంది. ఫైళ్ల సంఖ్య మారినప్పుడల్లా ఒకసారి వచ్చి ఒకసారి రాని ఈ తప్పును పట్టుకోవడం మహా కష్టం. క్యాపిటల్ హెచ్ ఆప్షన్ ఎప్పుడూ పెట్టేస్తే గొడవ ఉండదు.

ఫైండ్ లేకుండా గ్రెప్‌నే ఫోల్డర్ల లోపలికి పంపొచ్చు. స్మాల్ ఆర్ ఆప్షన్ దారిలో తగిలిన సింబాలిక్ లింకులను (వేరే ఫైలు లేదా ఫోల్డర్ వైపు చూపే వాటిని) వదిలేస్తుంది, క్యాపిటల్ ఆర్ వాటి వెంట వెళ్తుంది. లింకుల వెనక ఉన్న డేటా కావాలో వద్దో ముందే తేల్చుకోకపోతే ఒక పద్ధతిలో వరుసలు తగ్గుతాయి, రెండోదాంట్లో రెట్టింపవుతాయి. ఏ పేర్ల ఫైళ్లలో వెతకాలో చెప్పే ఇన్‌క్లూడ్ ఆప్షన్‌కు ఇచ్చే నక్షత్రపు నమూనాను కొటేషన్లలో పెట్టాలి. లేకపోతే అది గ్రెప్‌కు చేరకముందే షెల్ విప్పేసే అవకాశం ఉంది.

గ్రెప్ లాంటిదే మరో పనిముట్టు రిప్‌గ్రెప్, వేగంలో చాలామందికి ఇష్టమైనది. అయితే అది గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడనివాటి జాబితాలో) రాసిన ఫైళ్లనూ, చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లనూ, బైనరీ ఫైళ్లనూ మామూలుగా వదిలేస్తుంది. కోడ్ వెతకడానికి అది వరం. డేటా పోగుచేసేటప్పుడు మాత్రం యు ఆప్షన్‌ను మూడుసార్లు ఇచ్చి ఆ వడపోతలన్నీ తీసేయాలి.

గ్రెప్ ఇచ్చేదీ, ఇచ్చిందనుకునేదీ

స్మాల్ సీ ఆప్షన్ లెక్కపెట్టేది వరుసల్ని. ఒకే వరుసలో మాట మూడుసార్లు వచ్చినా ఒకటే లెక్క. ఎన్నిసార్లు వచ్చిందో కావాలంటే స్మాల్ ఓ ఆప్షన్‌తో దొరికిన ముక్కలను మాత్రం విడివిడి వరుసల్లో తీసి, వాటిని డబ్ల్యూసీతో లెక్కపెట్టాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (వెతికే నమూనాలు రాసే పద్ధతిలో) చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం కాబట్టి 10.5 అని వెతికితే 1035 కూడా దొరుకుతుంది. ఉన్నదున్నట్టు వెతకాలంటే క్యాపిటల్ ఎఫ్.

మాట తర్వాత వచ్చే అంకె మాత్రమే కావాల్సి వస్తే, అంటే 'మొత్తం: 4500' అన్న వరుసలోంచి 4500 ఒక్కటే తీయాలంటే, స్మాల్ ఓతో పాటు క్యాపిటల్ పీ ఆప్షన్ ఇచ్చి, 'మొత్తం: ' తర్వాత బ్యాక్‌స్లాష్ క్యాపిటల్ కే, ఆ వెంటనే [0-9]+ రాయాలి. ఆ కే గుర్తుకు ముందు సరిపోలినదంతా ఫలితంలోంచి తప్పుకుంటుంది. మ్యాక్‌తో వచ్చే గ్రెప్‌లో ఈ క్యాపిటల్ పీ లేదు, అక్కడ సెడ్ వాడుకోవాలి.

వెతకాల్సిన మాటలు వందల్లో ఉంటే వాటిని ఒక ఫైలులో రాసి స్మాల్ ఎఫ్‌తో ఇస్తారు. ఆ ఫైలులో ఎక్కడైనా ఒక్క ఖాళీ వరుస ఉందంటే, ఖాళీ నమూనా ప్రతి వరుసకూ సరిపోతుంది, మొత్తం డేటా ఫలితంగా వచ్చేస్తుంది. ఆ ఫైలును విండోస్‌లో తయారుచేసి ఉంటే దీనికి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ప్రతి వరుస చివరా క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనబడని గుర్తు ఉంటుంది. గ్రెప్ దాన్ని కూడా మాటలో భాగమనుకుంటుంది, దాంతో ఏమీ దొరకదు. వెతికే ఫైళ్లలో ఆ గుర్తు ఉన్నా ఇబ్బందే: వరుస ముగింపును సూచించే $ పెట్టిన నమూనాలు వాటిలో పనిచేయవు. గుర్తులను మార్చే, తీసేసే టీఆర్‌తో ఆ గుర్తును ముందే తీసేయడం మంచిది. యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలు రాసే ఒక ఎన్‌కోడింగ్) ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు బైట్లు ఉంటే మొదటి వరుసకు మాత్రం, వరుస మొదలును సూచించే ^ గుర్తు సరిపోలదు. హెడర్ వరుస ఒక్కటే మాయమవుతుంటే ముందుగా దీన్నే అనుమానించాలి.

ఫలితాల ఫైలును వెతుకుతున్న ఫోల్డర్‌లోనే పెట్టడం మరో పాత తప్పు. నేరుగా దారి మళ్లిస్తే, తను చదవబోయేదీ రాస్తున్నదీ ఒకే ఫైలని గ్నూ గ్రెప్ గుర్తించి దాన్ని వదిలేస్తుంది. మధ్యలో పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని మరోదానికి పంపేది), దాని చివర ఫైలులోకి రాసే టీ కమాండ్ ఉంటే ఆ సంగతి దానికి తెలియదు. తను రాసిన వరుసలనే మళ్లీ చదివి మళ్లీ రాస్తూ డిస్క్ నిండేదాకా పోగలదు. ఫలితాలకు ఎప్పుడూ వేరే ఫోల్డర్.

ఒక వరుస దాటితే

ప్రతి ఫైలులోనూ ఒక గుర్తు నుంచి మరో గుర్తు దాకా ఉన్న భాగం కావాలంటే సెడ్‌లో స్మాల్ ఎన్ ఆప్షన్‌తో రెండు నమూనాల మధ్య కామా పెట్టి చివర పీ రాస్తే సరిపోతుంది. ఒక ఫైలుకు ఇది చక్కగా నడుస్తుంది. అనేక ఫైళ్లు ఇచ్చినప్పుడు సెడ్ వాటన్నిటినీ ఒకే పొడవాటి ప్రవాహంగా చూస్తుంది. ఏదో ఒక ఫైలులో ముగింపు గుర్తు లేకపోతే తెరిచిన భాగం తర్వాతి ఫైలులోకి పారుతుంది, అక్కడ ముగింపు గుర్తు దొరికేదాకా అంతా ఫలితంలో చేరుతుంది. అలా చేరింది అసలు డేటాలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్మాల్ ఎస్ ఆప్షన్ ఇస్తే సెడ్ ప్రతి ఫైలునూ విడిగా చూస్తుంది. అప్పుడూ ముగింపు లేని ఫైలులో చివరిదాకా వస్తుంది కానీ, నష్టం ఆ ఒక్క ఫైలుకే.

ఆక్‌లో పట్టు ఇంకా ఎక్కువ. ఎన్ఆర్ అన్నది మొత్తం మీద వరుస సంఖ్య, ఎఫ్ఎన్ఆర్ అన్నది ప్రస్తుత ఫైలులో వరుస సంఖ్య. ప్రతి ఫైలులో ఐదో వరుస కావాలని ఎన్ఆర్ 5కు సమానమని రాస్తే మొత్తం మీద ఒకే ఒక్క వరుస వస్తుంది. ఎఫ్ఎన్ఆర్ 1 అయినప్పుడల్లా లోపల ఉన్నామా లేదా అని చెప్పే వేరియబుల్‌ను సున్నా చేసి, ప్రారంభ గుర్తు దగ్గర 1 చేసి, ముగింపు దగ్గర మళ్లీ సున్నా చేస్తే సెడ్‌లోని చిక్కు తీరుతుంది. ఫైలు మారేటప్పటికి ఆ వేరియబుల్ ఇంకా 1గానే ఉంటే, ముగింపు లేని ఫైలు పేరును ఎర్రర్ దారిలో రాయించొచ్చు. సెడ్ ఈ మాత్రం ఫిర్యాదు చేయలేదు, అందుకే ఈ పనికి ఆక్‌దే పైచేయి.

కామాలతో విడగొట్టే డేటా దగ్గర మాత్రం మామూలు ఆక్‌ను నమ్మకూడదు. కొటేషన్ల లోపల ఉన్న కామాను కూడా అది హద్దుగానే తీసుకుంటుంది, అక్కడి నుంచి కాలమ్‌లన్నీ ఒక గడి జరుగుతాయి. గ్నూ ఆక్ అయిన గాక్‌లో 5.3 నుంచి ఇలాంటి డేటా చదివే సీఎస్‌వీ ఆప్షన్ వచ్చింది. అది లేనిచోట, అలాంటి డేటాకే ఉన్న మిల్లర్ వాడొచ్చు. జేసన్ అనే డేటా రూపానికి జేక్యూ అనే పనిముట్టు ఉండగా గ్రెప్‌తో కుస్తీ అనవసరం.

క్యాట్‌తో ఫైళ్లన్నీ కలిపేటప్పుడు ఒక ఫైలు చివరి వరుసకు కొత్త వరుస గుర్తు లేకపోతే, తర్వాతి ఫైలు మొదటి వరుస దానికి అతుక్కుపోతుంది. రెండు రికార్డులు ఒకటవుతాయి. క్యాట్ బదులు ఆక్‌కు ప్రోగ్రాంగా 1 అని మాత్రం ఇస్తే ప్రతి వరుసనూ గుర్తుతో సహా రాస్తుంది, అతుకు పడదు.

టెక్స్ట్ కాని ఫైళ్లు

పీడీఎఫ్‌లకు పాప్లర్ అనే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లో భాగమైన పీడీఎఫ్‌టుటెక్స్ట్ ఉంది. ఇది ఒక్కసారికి ఒక్క ఫైలునే తీసుకుంటుంది. రెండో పేరు ఇస్తే దాన్ని ఫలితం రాయాల్సిన ఫైలుగా భావిస్తుంది. ఫోల్డర్‌లో సరిగ్గా రెండు పీడీఎఫ్‌లుండగా నక్షత్రం గుర్తుతో నడిపితే, మొదటిదాని టెక్స్ట్ రెండో పీడీఎఫ్ మీద రాసేస్తుంది, అసలు ఫైలు పోతుంది. కాబట్టి ఇక్కడ ఎగ్జెక్ చివర ప్లస్ పనికిరాదు, సెమికోలనే సరి. ఎక్స్‌ఆర్గ్స్ అయితే స్మాల్ ఎన్‌కు 1 ఇవ్వాలి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో టెక్స్టే ఉండదు, ఫలితంలో పేజీ విరుపు గుర్తులు మాత్రమే మిగులుతాయి. ఫైలు సైజు సున్నా కాదు గనుక ఖాళీ ఫైళ్ల తనిఖీకీ ఇది దొరకదు. స్పేస్‌లూ విరుపులూ తీసేసి మిగిలిన అక్షరాలను పేజీల సంఖ్యతో పోల్చాలి. పేజీకి పట్టుమని పది అక్షరాలు లేని ఫైళ్లను పీడీఎఫ్‌టుపీపీఎంతో 300 డీపీఐ బొమ్మలుగా మార్చి, బొమ్మల్లోంచి అక్షరాలు చదివే (ఓసీఆర్) టెసరాక్ట్‌కు పంపాలి.

తెలుగు పీడీఎఫ్‌లకు ఇంకో బెడద ఉంది. తెర మీద అక్షరాలు చక్కగా కనబడతాయి, తీసిన టెక్స్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాలూ చిత్రమైన గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కల ఆకారాలు పెట్టి ఉండటం దీనికి కారణం. పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ ఇచ్చే పట్టికలో యూనీ అన్న గడిలో నో అని ఉంటే, ఆ ఫాంట్ ఆకారాలను యూనికోడ్‌కు ముడిపెట్టే పట్టిక ఫైలులో లేదని అర్థం. యెస్ అని ఉన్నంత మాత్రాన ఆ పట్టిక సరైనదని హామీ లేదు, ఒక పేజీ తీసి కళ్లతో చూడాల్సిందే. గజిబిజిగా వస్తే టెక్స్ట్ ఉన్నా లేనట్టే లెక్కగట్టి ఓసీఆర్‌కు పంపాలి. టెసరాక్ట్‌లో తెలుగు డేటా టీఈఎల్ అన్న కోడ్‌తో ఉంటుంది.

వర్డ్ డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. లోపల వర్డ్ ఫోల్డర్‌లోని డాక్యుమెంట్ ఎక్స్ఎంఎల్‌లో పాఠం ఉంటుంది. అన్‌జిప్‌తో దాన్ని బయటికి తీసి ట్యాగులను సెడ్‌తో చెరిపేయడం తేలికైన దారే, కానీ ట్యాగు ఉన్నచోట స్పేస్ పెడితే మాటలు తెగిపోతాయి. ఒకే మాటను వర్డ్ రెండు మూడు ముక్కలుగా వేర్వేరు ట్యాగుల్లో దాచడం మామూలే. పేరా ముగింపు ట్యాగును కొత్త వరుసగా మార్చి, మిగిలిన ట్యాగులను ఖాళీ లేకుండా చెరిపేయాలి. డాక్యుమెంట్ రూపాలను మార్చే ప్యాన్‌డాక్ ఈ పని శుభ్రంగా చేస్తుంది, అయితే ప్లెయిన్ రూపంలో రాసేటప్పుడు అది వరుసను 72 కాలమ్‌ల దగ్గర మడుస్తుంది. రెండు మాటల పదబంధం మడత దగ్గర పడితే గ్రెప్‌కు దొరకదు. ర్యాప్ ఆప్షన్‌కు నన్ అని ఇస్తే పేరా మొత్తం ఒకే వరుసలో వస్తుంది. పాత డాక్ ఫైళ్లకు లిబ్రెఆఫీస్‌ను హెడ్‌లెస్ పద్ధతిలో (తెర తెరవకుండా) నడపాలి. వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లోకి మారిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి, అందుకని మూల ఫోల్డర్ల చెట్టునే ఫలితాల వైపూ కట్టాలి.

ఎన్‌కోడింగ్, తెలుగు అక్షరాలు

ఫైలులో నల్ బైట్ కనబడితే గ్రెప్ దాన్ని బైనరీగా లెక్కేస్తుంది. మాట దొరికినా వరుస చూపకుండా బైనరీ ఫైలులో ఉందని మాత్రం చెబుతుంది. యూటీఎఫ్-16లో రాసిన ఫైలులో ప్రతి ఇంగ్లిష్ అక్షరం పక్కనా ఒక నల్ బైట్ ఉంటుంది కాబట్టి వెతికిన మాట అసలు దొరకనే దొరకదు. ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8కు మార్చాకే వెతకాలి.

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కూ (యూనికోడ్ ఇచ్చిన ఒక్కో సంఖ్యకూ) మూడు బైట్లు. వేగం కోసం లొకేల్‌ను (భాష, అక్షరాల అమరికను) చెప్పే ఎల్‌సీ_ఆల్‌ను సీగా పెట్టుకోవడం చాలామందికి అలవాటు, కానీ ఆ లొకేల్‌లో గ్రెప్ అక్షరాలను వదిలి బైట్లు చూస్తుంది. అక్కడ [కగ] అని రాస్తే ఆ రెండు అక్షరాల బైట్లన్నీ విడివిడిగా బ్రాకెట్‌లో చేరతాయి. వాటిలో మొదటిదైన ఈ0 (E0) బైట్ ప్రతి తెలుగు అక్షరానికీ మొదట్లో ఉంటుంది కాబట్టి తెలుగున్న ప్రతి వరుసా దొరుకుతుంది. టెర్మినల్‌లో సరిగా నడిచిన స్క్రిప్టు, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టగానే వేరే ఫలితం ఇస్తే కారణం చాలాసార్లు ఇదే, క్రాన్‌కు లొకేల్ అమరిక అందకపోవడం.

సరైన లొకేల్‌లో కూడా చుక్క అంటే ఒక కోడ్ మాత్రమే, ఒక తెలుగు అక్షరం కాదు. క్షి అన్నది చూపుకు ఒకటే, కోడ్‌లు నాలుగు: క, పొల్లు, ష, గుడి. ఇంతకంటే ఎక్కువ వరుసలు మింగేది జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని గుర్తు. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో దాన్ని వాడతారు. ఒకరు పెడతారు, మరొకరు పెట్టరు, రెండు రూపాలూ గ్రెప్‌కు వేర్వేరు. వెతికే ముందు దాన్ని తీసేసిన నకలు తయారుచేసుకోవడం ఉత్తమం. ఆ పనికి టీఆర్ వాడితే మాత్రం కొంప మునుగుతుంది. గ్నూ టీఆర్ బైట్ల మీద పనిచేస్తుంది, ఆ గుర్తులోని ఈ2, 80, 8సీ (E2, 80, 8C) బైట్లు ఎక్కడ కనబడితే అక్కడ తీసేస్తుంది. దీర్ఘపు గుడి చివరి బైట్ 80, ఔత్వానిది 8సీ. ఆ రెండు గుర్తులూ ఫైలంతటా విరిగిపోతాయి. సెడ్‌తో అయితే మూడు బైట్లు వరుసగా ఉన్నచోటే తొలగుతాయి.

మాటకు ప్రత్యయాలు అతుక్కునే భాషలో పూర్తి మాటనే వెతికే స్మాల్ డబ్ల్యూ ఆప్షన్ అచ్చిరాదు. పుస్తకం అని వెతికితే పుస్తకాలు, పుస్తకాన్ని దొరకవు. పుస్తక అని వెతకాలి.

ఒకేసారి అనేక ప్రాసెస్‌లు

ఎక్స్‌ఆర్గ్స్‌కు క్యాపిటల్ పీ ఇచ్చి నాలుగైదు ప్రాసెస్‌లు ఒకేసారి నడపొచ్చు. అవన్నీ ఒకే ఫైలులోకి రాస్తే వరుసలు మధ్యలో తెగి కలిసిపోతాయి. ఫలితం టెర్మినల్‌కు వెళ్లనప్పుడు ప్రతి ప్రాసెస్ తన బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండాకే రాస్తుంది, ఆ బఫర్ వరుస మధ్యలో నిండొచ్చు. ఇలా పనులను ఒకేసారి నడిపే మరో పనిముట్టు గ్నూ ప్యారలల్ ఒక్కో పని ఫలితాన్ని పూర్తిగా పట్టి ఉంచి ఒక ముద్దగా విడుదల చేస్తుంది. అది లేకపోతే ఒక్కో ఇన్‌పుట్‌కు ఒక్కో అవుట్‌పుట్ ఫైలు రాయించాలి.

విడి ఫైళ్ల పద్ధతికే ఇంకో లాభం ఉంది: ఇన్‌పుట్ పేర్ల జాబితా, అవుట్‌పుట్ పేర్ల జాబితా రెండిటినీ సార్ట్ చేసి, జాబితాలను పోల్చే కామ్ కమాండ్‌కు ఇస్తే ఏవి మిగిలిపోయాయో పేర్లతో సహా వస్తాయి. గ్రెప్ దశకు అదే పని క్యాపిటల్ ఎల్ ఆప్షన్ చేస్తుంది, మాట దొరకని ఫైళ్ల పేర్లు ఇస్తుంది. వాటిలోంచి ఓ పది తెరిచి చూస్తే, నిజంగా లేదో చదవలేకపోయిందో తేలిపోతుంది. స్క్రిప్టులో ఎగ్జిట్ కోడ్‌నూ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్యను) చూడాలి. గ్రెప్ దొరికితే 0, దొరకకపోతే 1, ఏదైనా తేడా వస్తే 2 ఇస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ ద్వారా నడిస్తే 1 అయినా 2 అయినా 123గానే బయటికి వస్తుంది. అంటే దొరకలేదన్నదీ చదవలేకపోయిందన్నదీ అక్కడ కలిసిపోతాయి, ఎర్రర్ సందేశాలను వేరే ఫైలులోకి మళ్లించి చదవడం తప్ప దారి లేదు.

రెండోసారి నడిపినప్పుడు అంతా మొదటి నుంచి తీయనక్కర్లేకుండా, ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ కొత్తదైతే వదిలేసేలా షెల్ పరీక్ష పెట్టుకోవచ్చు. అలా చేసేటప్పుడు కరెంటు పోయి మధ్యలో ఆగిన సగం ఫైలు కూడా కొత్తదిగానే కనబడుతుంది. అందుకని ప్రతి ఫలితాన్నీ అదే డిస్క్ మీద ఒక తాత్కాలిక పేరుతో రాసి, కమాండ్ 0తో ముగిస్తేనే, పేరు మార్చే ఎంవీ కమాండ్‌తో అసలు పేరుకు మార్చాలి.